తడిగుడ్డ

పోర్ట్ అగస్టా మోటెల్లో ఫ్రిజ్
మా పెళ్ళి కన్నా పాతది.
దానికి వచ్చినవి రెండే: గురక, మంచు.
తెల్లారి చూస్తే వెనక గోడకి ఆనిన పెన్ను
గడ్డకట్టి ఉంది.
అరచేతిలో పెట్టుకుంటే కరిగింది,
మునుపటిలాగే తేటగా, ఏ పాపం ఎరగనట్టు.
గడ్డకట్టిన ఇన్సులిన్ చచ్చిపోయాక కూడా
బతికున్నట్టే కనిపిస్తుంది.

నాలుగులో ఒకటి పోయింది.
నెల రోజులుగా వేడి గురించే బెంగపెట్టుకున్నాను,
చలి దొంగదారిన వచ్చింది.

"ఇంకా మూడున్నాయిగా" అన్నాడు భానుమూర్తి, కారు తాళాలు ఊపుతూ.
ఆ పేరు పెట్టుకున్నవాడికి
ఎండ గురించి ఏం చెప్పను?

జనవరి. బయట నలభై ఆరు.
ఆలిస్ స్ప్రింగ్స్ ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో
సోమవారం ఎనిమిదింటికి నా కొత్త ఉద్యోగం.
పింబా దాటాక ఏసీ ఒకసారి దగ్గి,
వేడిగాలి ఊది,
ఊరుకుంది.

ఎస్కీలో ఐసు అప్పటికే నీళ్ళు.
ఒక టమాటా, రెండు పెరుగు డబ్బాలు,
జిప్పు సంచిలో నా మూడు పెన్నులు
మునకలేస్తున్నాయి.
మూత ఎత్తి వేలు ముంచుతున్నాను,
పసిబిడ్డకి స్నానం నీళ్ళు చూసినట్టు.
"ఎలా ఉంది?"
"గోరువెచ్చన."
ఆ మాట అంత అసహ్యంగా ఎప్పుడూ వినిపించలేదు.

రోడ్‌హౌస్‌లో ఐసు పెట్టె ఖాళీ.
లారీ సాయంత్రం వస్తుందేమో, రేపొస్తుందేమో.
కౌంటర్ వెనక ఆవిడ, షార్లీన్ అని చొక్కా మీద ఉంది,
నా ముఖం చూసింది, సంచి చూసింది.
మా అవ్వ గోనెపట్టా తడిపి అందులో వెన్న దాచేది, అంది.
గాలి తగిలేచోట వేలాడదియ్యి. ఆరనివ్వకు.

అప్పుడు గుర్తొచ్చింది కూజా.
ఎండ ముదిరేకొద్దీ చల్లబడే కూజా,
ఒళ్ళంతా చెమట, కింద ఇసుక తడి.
పదో తరగతిలో చదివాను, పరీక్షలో రాశాను,
మార్కులు కూడా వేశారు.

మంగళగిరి నూలు చున్నీ కుళాయి కింద ముంచి
సంచికి మూడు చుట్లు చుట్టి
వెనక సీటు హ్యాండిల్‌కి కట్టాను.
అద్దాలు నాలుగూ దించాం.
ఎర్రటి గాలి లోపలికొచ్చి
చున్నీలో తడి తాగి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.
ప్రతి పది కిలోమీటర్లకీ
గుక్కెడు నీళ్ళు దానికి, గుక్కెడు నాకు.
తడిగుడ్డతో గొంతు కోస్తారంటారు మనవాళ్ళు.
ఆ రోజు నుంచి నేను ఆ మాట వాడటం లేదు.

కూబర్ పీడీలో జనం భూమి లోపల కాపురముంటారు.
మా గదీ గుట్ట కడుపులోనే,
గోడల నిండా యంత్రం పళ్ళ గాట్లు.
ఫ్యాను లేదు, అక్కర్లేదు.
ఇంటాయన జ్డెన్కో, డెబ్బై దాటినవాడు,
నా చేతిలో నీళ్ళు కారుతున్న మూట చూసి
గొంతు తగ్గించి "ఓపలా?" అన్నాడు.
విప్పి చూపించాను.
ఆయన నవ్వలేదు.
లోపలికెళ్ళి ఆవకాయ జాడీ అంత సీసా తెచ్చాడు,
నీళ్ళ అడుగున నీలం, పచ్చ, కాస్త నిప్పు.
ఆరితే వీటిలో కొన్ని పగులుతాయట.
ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళు మారుస్తున్నాడట.
అమ్మడా? అడగలేదు.

ఫ్రిజ్ ఉంది, పెట్టుకో, అన్నాడు.
వద్దన్నాను. ఒక రాత్రికి రాయి చాలు.
గోడలో తొలిచిన గూట్లో
ఆయన సీసా పక్కన నా మూట.

పడుకునే ముందు పొట్ట పక్కన పన్నెండు యూనిట్లు.
మందు బతికుందో లేదో
మందుని చూస్తే తెలియదు, నన్ను చూడాలి.
రెండింటికి లేచి వేలు గుచ్చాను:
ఏడు పాయింట్ రెండు.
నమ్మక ఇంకో వేలు గుచ్చాను.

"రేపు ఏడింటికి బయల్దేరదామా?" నిద్రలో గొణిగాడు.
నాలుగింటికి.
"అంత పొద్దున్నే ఎందుకు?"

పైన నీ పేరుగలాయన
లేవకముందే.